దాన్ని మీట అనకండి

కాంపౌండ్ విల్లుతో వేటాడేవారు అల్లెత్రాటిని వేళ్ళతో లాగరు. అరచేతిలో ఇమిడే చిన్న లోహపు పనిముట్టు ఒకటి త్రాటిని పట్టుకుంటుంది. విలుకాడు ఆ పనిముట్టును పట్టుకొని లాగుతాడు. గురి కుదిరాక అది త్రాటిని వదిలిపెడుతుంది. ఇంగ్లీషులో దీన్ని రిలీజ్ ఎయిడ్ అంటారు. తెలుగులో దీనికి పేరు లేదు. పేరు పెట్టవలసిన అవసరమూ మనకు కలగలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మన దేశంలో వేట అన్నది నేరాల పట్టికలోకి చేరింది. విల్లు క్రీడామైదానానికి పరిమితమైంది. కాని అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళలో కొందరు, కొద్దిమందే కావచ్చు, ఇక్కడి పద్ధతి ప్రకారం అనుమతిపత్రం తీసుకొని, శరదృతువులో జింకల వేటకు విల్లు పట్టుకొని వెళుతున్నారు. వారి సంభాషణలలో ఈ పనిముట్టు ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపించే మాట ‘ట్రిగ్గర్’. తెలుగులో చెప్పబోతే ‘మీట’. “మంచి మీట కొన్నాను, వేలు తగిలితే చాలు పేలుతుంది” అని ఒకరు మురిసిపోతారు. “నాది ఇంకా తేలిక” అని మరొకరు.

నా అభ్యంతరం ఈ మాటతోనే మొదలవుతుంది. మిత్రులలో చాలామందికి పదాల మీద ప్రీతి ఉంది కనుక పదంతోనే మొదలుపెడుతున్నాను. మన భాషలో ‘పట్టువిడుపులు’ అన్న జంటపదం ఉంది. ఈ పనిముట్టు చేసే రెండు పనులూ అందులోనే ఉన్నాయి. దీన్ని ‘విడుపు’ అందాం. మీట అన్నది నొక్కేవాడి ఆజ్ఞకు బానిస. నొక్కిన క్షణాన పేలాలి. విడుపు అలాంటిది కాదు, కారాదు. విల్లువేటలో జరిగే అన్యాయాలలో పెద్దభాగం ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లే జరుగుతున్నదని నా వాదం. ఏ విడుపు కొనాలి, దాన్ని ఎలా నేర్చుకోవాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఆ తేడాలోనే ఉంది.

ముందుగా ఈ పనిముట్టు ఎందుకు పుట్టిందో చూద్దాం. మిస్సోరి రాష్ట్రానికి చెందిన హాలెస్ విల్బర్ అలెన్ 1966లో కాంపౌండ్ విల్లుకు పేటెంటు దరఖాస్తు చేశాడు. 1969 డిసెంబరులో అది మంజూరయింది. విల్లు కొనలలో అమర్చిన చక్రాల మహిమ ఏమిటంటే, త్రాటిని పూర్తిగా లాగేసరికి బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది. 70 పౌన్ల విల్లు 80 శాతం తగ్గింపు కలదైతే, చివరకు చేతి మీద నిలిచేది 14 పౌన్లే. దానితో విల్లు పొట్టిదైంది. నేటి వేటవిల్లు ఇరుసు నుంచి ఇరుసుకు 30 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. అంత పొట్టి విల్లును లాగితే త్రాడు మొనదేలిన కోణంలో వంగి వేళ్ళను నొక్కేస్తుంది. అదీగాక, వేళ్ళ మీది నుంచి జారే త్రాడు తిన్నగా ముందుకు పోదు. వేళ్ళ చుట్టూ ఒరుసుకొని పక్కకు కొట్టుకొని వెళుతుంది. వదలడంలో ఏ మాత్రం తేడా వచ్చినా బాణం దారి మారుతుంది. విడుపు ఈ రెండు చిక్కులనూ తీరుస్తుంది. త్రాటికి కట్టిన చిన్న డీ లూపును ఒకే బిందువు వద్ద పట్టుకొని, ప్రతిసారీ ఒకే తీరుగా వదులుతుంది.

ఇంతవరకూ అది మేలే. కీడు దాని వెంబడే వచ్చింది. వేళ్ళతో విల్లు నేర్చినవాడికి 20 గజాల వద్ద నాలుగు బాణాలు ఒకచోట పడడానికి నెలలు పడుతుంది. విడుపు పట్టినవాడికి రోజులు చాలు. ఆ రోజుల సౌలభ్యాన్ని చూసి అతడు తనకు విలువిద్య వచ్చేసిందనుకుంటాడు. దుకాణదారుడూ అలాగే చెబుతాడు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ఇక్కడి విల్లు దుకాణాలలో జరిగే తంతు నేను చూశాను. వేటకాలం ముంచుకొస్తున్నదని కొత్తవాడు పరుగెత్తుకొస్తాడు. విల్లుతో పాటు మణికట్టుకు కట్టుకొనే చూపుడువేలి విడుపు ఒకటి చేతికి తొడుగుతారు. “గుండు మీద చుక్క నిలవగానే నొక్కెయ్యండి” అంటారు. పది బాణాలు వేయిస్తారు. “భేష్, అడవికి సిద్ధం” అంటారు. యుద్ధకాలే శస్త్రాభ్యాసమన్న నానుడికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

“చుక్క నిలవగానే నొక్కెయ్యి” అన్న ఆ ఒక్క ఉపదేశమే విలుకాణ్ణి చెడగొడుతుంది. ఎందుకో వివరిస్తాను.

చుక్క ఎన్నడూ నిలవదు. మనిషి ఊపిరి తీస్తూ, గుండె కొట్టుకుంటూ, చేతితో బరువు మోస్తూ ఉంటాడు. కనుక గురి చుక్క లక్ష్యం మీద తేలుతూ, తిరుగుతూ ఉంటుంది. అది సహజం. ఆ తేలే చుక్క సరిగ్గా మధ్యకు వచ్చిన క్షణాన్ని పట్టుకుందామని నొక్కేవాడు రెండు తప్పుల మధ్య ఇరుక్కుంటాడు. కన్ను చూసి, మనసు ఆజ్ఞాపించి, వేలు కదిలేసరికి చుక్క మరోచోటికి పోయి ఉంటుంది. ఇది మొదటిది. రెండవది ఇంకా పెద్దది. పేలుడు ఏ క్షణాన జరుగుతుందో ముందుగా తెలిసిన శరీరం దానికి సిద్ధపడుతుంది. భుజం బిగుస్తుంది, విల్లు పట్టిన చేయి తోస్తుంది, కన్ను మూసుకుంటుంది, తల బాణం వెంట లేస్తుంది. ఇవన్నీ బాణం విల్లును వీడక ముందే జరుగుతాయి. కొంతకాలానికి ఇది వ్యాధిగా ముదురుతుంది. చుక్కను మధ్యకు తేలేకపోవడం, మధ్యకు రాకముందే వేలు దానంతటదే నొక్కడం, ఎంత ప్రయత్నించినా ఆపుకోలేకపోవడం. ఇక్కడివారు దీన్ని టార్గెట్ ప్యానిక్ అంటారు. దీని బారిన పడి విల్లును అటక ఎక్కించినవారు ఉన్నారు. ఈ వ్యాధి బద్ధకస్తులకు రాదు. ఎక్కువగా సాధన చేసేవారికే వస్తుంది, ఎందుకంటే వారు సాధన చేసింది ఆ తప్పునే.

లెక్కలోనూ చూద్దాం. 30 గజాల దూరంలో బాణం దిశ పావు డిగ్రీ తప్పితే దెబ్బ దాదాపు 12 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. జింక ఊపిరితిత్తులూ గుండే ఉండే చోటు రమారమి 8 అంగుళాల, అంటే 20 సెంటీమీటర్ల వృత్తం. మధ్య నుంచి అంచుకు 10 సెంటీమీటర్లే. అంటే వేలు జరజరలాడిన పావు డిగ్రీ చాలు, బాణం ప్రాణస్థానాన్ని దాటి పొట్టలోనో భుజంలోనో దిగడానికి.

బాణం తూటా వంటిది కాదు. అది అదటుతో చంపదు. నెత్తురు పోయించి చంపుతుంది. రెండు ఊపిరితిత్తులనూ కోసుకుంటూ పోయిన బాణంతో జింక కొన్ని సెకన్లలో, కనుచూపు దూరంలోనే కూలిపోతుంది. పొట్టలో దిగిన బాణంతో అది గంటల తరబడి, ఒక్కోసారి అంతకు మించి, పొదలలో పడి ఉంటుంది. వేటగాళ్ళకు బోధించే పాఠాలలోనే ఉంది: పొట్టదెబ్బ అని తెలిస్తే వెంటనే వెతకబోకు, చాలా గంటలు ఆగు, లేకపోతే అది లేచి మరింత దూరం పోతుంది. ఆ ‘ఆగవలసిన గంటలు’ జింక లెక్కలో ఏమిటో ఆలోచించండి. రాష్ట్రాల చట్టాలు విల్లుకు కనిష్ఠ బరువు నిర్ణయించాయి, బాణపు మొనకు కనిష్ఠ వెడల్పు నిర్ణయించాయి. బాణాన్ని వదిలే వేలికి ఎవరూ ఏ కొలతా పెట్టలేదు. ఆ కొలత వేటగాడే పెట్టుకోవాలి.

ఇక కొనుగోలు సంగతి. విపణిలో ఉన్న విడుపులు ప్రధానంగా నాలుగు జాతులు.

మొదటిది చూపుడువేలిది. మణికట్టుకు పట్టీ, దాని ముందు దవడల వంటి కొక్కెం, దాని కింద చిన్న మీట. అమెరికా అడవులలో ఎక్కువమంది చేతికి కనిపించేది ఇదే. దీనికి సుగుణాలున్నాయి. చేతికి కట్టి ఉంటుంది కనుక మంచె మీది నుంచి కిందపడదు. బరువు మణికట్టు మోస్తుంది. చీకట్లో సైతం తడుముకొని తగిలించవచ్చు. దీని దోషమంతా మనలో ఉంది. చూపుడువేలి కొన మన శరీరంలో అన్నిటికంటె చురుకైన, తొందరపాటు గల అవయవం. పుట్టినప్పటి నుంచి అది నొక్కడానికే అలవాటు పడింది.

రెండవది బొటనవేలిది. నాలుగు వేళ్ళతో పిడికిట పట్టుకొని, బొటనవేలిని చిన్న గుండీ మీద ఆనిస్తారు. త్రాటికి తగిలించి వదిలేసి కూర్చోవచ్చు; జింక రాగానే పిడికిలి పడితే చాలు. మూడవది అసలు మీటే లేని కీలు విడుపు. పిడికిలి సడలి, వెన్ను కండరాలు బిగిసేకొద్దీ పనిముట్టు కొద్దికొద్దిగా తిరిగి, లోపలి అర్ధచంద్రపు అంచు మీది నుంచి కొక్కెం జారుతుంది. ఏ క్షణాన జారుతుందో లాగేవాడికి తెలియదు. నాలుగవది లాగుడు పెరిగితే వదిలేది. పూర్తిగా లాగేవరకు బొటనవేలితో ఒక అడ్డును నొక్కిపట్టి, తరువాత దాన్ని వదిలి, ఇంకా కొద్దిగా లాగితే ముందుగా అమర్చిన బరువు వద్ద అదే విడిపోతుంది.

వీటిలో ఏది కొనాలి అని అడిగితే ‘ఏది తేలికగా పేలుతుంది’ అన్నది కొలబద్ద కారాదు. దుకాణాలలో గొప్పగా చెప్పే గుణం అదే. వెంట్రుక తగిలితే చాలునట, ప్రయాణం సున్నా అట. వేటగాడికి అది గుణం కాదు, ప్రమాదం. నవంబరు చలిలో, చేతితొడుగుల మీదుగా, వేగంగా కొట్టుకునే గుండెతో ఉన్నవాడికి వెంట్రుకమీట ఇవ్వడం కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే. నా సలహా ఇందుకు పూర్తిగా తలక్రిందులు. మీట ఉన్న విడుపు కొన్నవారు దాన్ని బిగించండి. వేలు దాని మీద గట్టిగా ఆనినా పేలనంత బిగువు ఉండాలి. అప్పుడు వేలి కొనతో నొక్కే పని ఉండదు. చూపుడువేలిని రెండవ కణుపు వద్ద కొక్కెంలా మీట చుట్టూ వంచి, దాన్ని అలాగే నిలిపి, మోచేతిని వెనక్కు లాగుతూ వీపురెక్కను వెన్నెముక వైపు జరిపితే పేలుతుంది. పట్టీకీ దవడలకూ మధ్య ఉన్న కాడను అందుకు తగినట్టు పొట్టిగా సర్దుకోవాలి. దుకాణంలో తొడిగినప్పుడు సాధారణంగా వేలి కొన మాత్రమే మీటను అందుకొనేలా అది పొడుగ్గా ఉంటుంది. బొటనవేలి విడుపుకూ ఇదే నియమం. గుండీ బొటనవేలి కొన కింద కాదు, వేలి మొదట్లోని మెత్తని చోట ఆనాలి.

చిన్న విషయాలు మరికొన్ని. పట్టీ కొనేటప్పుడు అంటుడు పట్టీ కంటె తోలుపట్టీ, బకిలు మేలు. అంటుడు పట్టీని విప్పితే వచ్చే చప్పుడు నిశ్శబ్దపు అడవిలో చాలా దూరం పోతుంది. పైగా ప్రతిసారీ వేరే బిగువు వస్తుంది. బకిలు ఎప్పుడూ ఒకే రంధ్రంలో పడుతుంది, చేతి నుంచి త్రాటికి ఉన్న దూరం మారదు. పిడికిట పట్టేది కొనేటప్పుడు అరచేతి పరిమాణానికి సరిపోయేది చూసుకోవాలి. పెద్దది కొంటే పిడికిలి బిగిసిపోతుంది, బిగిసిన పిడికిలితో వెన్ను పనిచేయదు. ఒక జాతి నుంచి మరో జాతికి మారితే దవడ మీద చేయి ఆనే చోటు మారుతుంది. దానితో విల్లు లాగుడు పొడవు, కంటి ముందు త్రాటిలోని పీప్ రంధ్రం ఎత్తు కూడా సరిచూసుకోవలసి వస్తుంది. కనుక వేటకాలం మధ్యలో విడుపు మార్చడం తెలివైన పని కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ప్రతి తప్పిన బాణానికీ విడుపును నిందించి, నూరు డాలర్లు, రెండు నూర్ల డాలర్లు పోసి కొత్తది కొనేవారికి సొరుగు నిండుతుందే గాని గురి కుదరదు.

సాధనకు మాత్రం నా ఓటు కీలు విడుపుకు, లేదా లాగుడు విడుపుకు. వాటిలో ఆజ్ఞాపించడానికి చోటు లేదు. అవి క్షణాన్ని మన చేతి నుంచి లాక్కుంటాయి, కనుక మనకు మిగిలిన పని ఒకటే: చూడడం, లాగడం. తొందరపడే వేలికి అంతకు మించిన గురువు లేడు. కాని ఒక హెచ్చరిక. కీలు విడుపును నేర్వకుండా విల్లుకు తగిలించి లాగితే, లాగుతుండగానే జారి, సొంత పిడికిలే సొంత మూతికి తగులుతుంది. అందువల్ల నేర్చుకునే క్రమం ముఖ్యం.

తొలి మెట్టు విల్లు లేకుండా. తన లాగుడు పొడవుకు సరిపోయేటట్టు గట్టి త్రాటిని ఉచ్చులా ముడివేసి, ఎడమచేత విల్లు పట్టినట్టు పట్టి, కుడిచేతి విడుపుతో లాగాలి. విడిపోతే త్రాడు జారిపోతుంది, అంతే. వందలసార్లు చేయాలి. ఖాళీ విల్లును విడుపుతో లాగి చూడడం మాత్రం వద్దు. బాణం లేకుండా త్రాడు విడిపోతే విల్లు పగిలి మనిషికే దెబ్బ తగలవచ్చు. రెండవ మెట్టు గడ్డిమోపు ముందు. నాలుగైదు అడుగుల దూరంలో పెద్ద గడ్డిమోపు పెట్టి, దాని మీద గుర్తేదీ లేకుండా, వీలైతే కళ్ళు మూసుకొని బాణాలు వేయాలి. గుర్తు లేనప్పుడు తొందర ఉండదు. తొందర లేనప్పుడు వెన్ను కండరం తన పని తాను నేర్చుకుంటుంది. వారాల తరబడి ఇదే. మూడవ మెట్టున దగ్గరి గుర్తు, ఆ తరువాతనే దూరం. గురి తేలడాన్ని తేలనివ్వాలి. చివరిది వేటదుస్తులలో: చలికోటు, చేతితొడుగులు, మంచె ఎత్తు, వంగిన నడుము. ఈ క్రమం జనవరిలో మొదలుపెట్టినవాడు అక్టోబరుకు సిద్ధపడతాడు. సెప్టెంబరులో మొదలుపెట్టినవాడు మరుసటి సంవత్సరం అక్టోబరుకు సిద్ధపడాలి. మధ్యలో ఉన్న అక్టోబరులో అతడు ఇంట్లో ఉండడం జింకలకు చేసే ఉపకారం.

ఇక నా వాదాన్ని ఎదిరించేవారు మూడు వర్గాలు. ముగ్గురికీ జవాబు చెప్పాలి.

మొదటివారు సంప్రదాయవాదులు. వేళ్ళతో లాగేదే విలువిద్య, ఈ పనిముట్టు మోసం అంటారు. చరిత్ర వీరికి సాక్ష్యం చెప్పదు. చైనాలోని అన్యాంగ్ వద్ద 1976లో తవ్విన ఫూ హావ్ రాణి సమాధిలో పచ్చరాతి బొటనవేలి ఉంగరం దొరికింది. ఆమె షాంగ్ వంశకాలంలో, మూడువేల సంవత్సరాలకు పైబడిన కాలంలో జీవించింది. అల్లెత్రాడు ఆ ఉంగరపు అంచు మీది నుంచి జారేది. తురుష్కులు, మంగోలులు, మొగలులు అందరూ ఆ పద్ధతివారే. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ బిరుదు చెక్కిన పచ్చరాతి విలుకాని ఉంగరం ఉంది. అక్కడికి వెళ్ళినవారు గడియారం కొట్టే గంటల కోసం ఎగబడి, దీన్ని చూడకుండానే వచ్చేస్తారు. మన ఇతిహాసాలు వీరుల వేళ్ళకు అంగుళిత్రాణాలు తొడిగాయి. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి అడిగింది కన్ను కాదు, భుజం కాదు, కుడిచేతి బొటనవేలు. ఆ తరువాత అతడు మిగిలిన వేళ్ళతో బాణం వేశాడనీ, కాని మునుపటి వేగం రాలేదనీ భారతం చెబుతుంది. విద్య యావత్తూ విడిచే చోట ఉందని ఆ గురువుకు తెలుసు. చేతికీ త్రాటికీ మధ్య ఒక సాధనాన్ని ఉంచడం అనాది ఆచారం. దానిలో మోసం లేదు. సంప్రదాయవాదుల మాటలో ఒక్క నిజం ఉంది, దాన్ని ఒప్పుకుంటాను. వేళ్ళతో నేర్చినవాడు నెలల కష్టం వల్ల తన హద్దు తెలుసుకుంటాడు. విడుపు ఆ నెలలను మాఫీ చేసి, హద్దు తెలియనివాణ్ణి అడవిలోకి తోలుతుంది. దానికి మందు విడుపును పారవేయడం కాదు, ఆ నెలలను తిరిగి కట్టడం.

రెండవవారు అనుభవజ్ఞులమనేవారు. “ఈ వెన్ను కండరాల కథలు బల్లచెక్క ముందు నిలబడి పతకాలు గెలిచేవారికి. జింక నీ కోసం ఆగదు. అది అడుగు ఆపిన క్షణాన నొక్కవలసిందే” అంటారు. ఇది బలమైన వాదం కనుక నిదానంగా జవాబు చెబుతాను.

మైదానంలో విలుకాళ్ళకు కాలం అనంతంగా ఉంటుందన్నది అపోహ. కాంపౌండ్ వ్యక్తిగత పోటీలలో వంతులవారీగా వేసేటప్పుడు ఒక్కో బాణానికి 20 సెకన్లు మాత్రమే. దూరం 50 మీటర్లు. పది పాయింట్ల వృత్తం అడ్డుకొలత 8 సెంటీమీటర్లు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ నియమాల కిందనే, ఈ విడుపు అనే జాతి పనిముట్టుతోనే. ఆమె విజయాన్ని రాసిన మన పత్రికలు విల్లును పొగిడాయి, ఏకాగ్రతను పొగిడాయి. బాణాన్ని వదిలిన ఆ గుప్పెడు లోహం గురించి రాసినట్టు నా కంటపడలేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ చేరింది కనుక, అప్పటికైనా మన పాఠకులకు ఈ పనిముట్టు పరిచయం కావాలని నా కోరిక. కొలిచిన కాలంలో, గాలిలో, వేలమంది చూస్తుండగా ఆ వృత్తంలో బాణం దించేవారికి పనికివచ్చే క్రమశిక్షణ, 20 గజాల దూరంలో 20 సెంటీమీటర్ల చోటును కొట్టవలసిన వేటగాడికి పనికిరాదనడం ఎలా?

జింక ఆగదన్నది నిజమే. 280 అడుగుల వేగంతో పోయే బాణం 30 గజాలు చేరడానికి సెకనులో మూడవవంతు పడుతుంది. అల్లెత్రాటి చప్పుడు అంతకు ముందే, సెకనులో పన్నెండవ వంతులో చేరుతుంది. మధ్యనున్న పావు సెకనులో బెదిరిన జింక దూకడానికని ఒంగుతుంది, బాణం మీదుగా పోతుంది లేదా వెన్ను పైభాగంలో తగులుతుంది. ఎంత వేగంగా నొక్కినా ఆ పావు సెకను నీది కాదు. నీది కాని కాలాన్ని మీటతో కొనలేవు. నీ చేతిలో ఉన్నది ఒక్కటే: ఏ జింక మీద, ఏ దూరంలో, ఏ భంగిమలో ఉన్నప్పుడు విల్లు లాగాలన్న నిర్ణయం. నిర్ణయం తీసుకోవడం నీ ఆజ్ఞ. విడుదల నీ ఆజ్ఞ కాదు, లాగుడు పర్యవసానం. లాగుడు పూర్తయ్యే రెండు మూడు సెకన్లు జింక నిలబడలేదా? అయితే ఆ బాణం నీది కాదు. విల్లును దించెయ్యి.

విల్లు దించడం గురించి ఎవరూ పాఠం చెప్పరు. నా దృష్టిలో వేటగాడి చదువులో సగభాగం అదే. విడుపు అన్న పేరులో ‘పట్టు’ కూడా అణగి ఉంది. పూర్తిగా లాగిన విల్లును, బాణం వదలకుండా, వేలిని మీట వెనక్కు తీసి, మెల్లగా ముందుకు రానివ్వడం. సాధనలో ప్రతి పది బాణాలకూ రెండుసార్లయినా ఇది చేయాలి. మీటకు బానిస అయినవాడు ఇది చేయలేడు. విల్లు లాగిన తరువాత చుక్క మధ్యకు వస్తే వేలు ఆగదు. అటువంటివాణ్ణి పరీక్షించడానికి ఒకటే ఉపాయం. గుర్తు మధ్యలో చుక్క పెట్టి ఐదు సెకన్లు నిలిపి, వదలకుండా దించమనండి. దించగలిగితే అతడు వేటగాడు. దించలేకపోతే, చేతిలో ఎంత ఖరీదైన పనిముట్టు ఉన్నా, అతడిని అడవికి పంపరాదు.

మూడవవారు మన ఇళ్ళలోనివారే. “చంపడానికి పోతూ ఈ ధర్మపన్నాలు ఏమిటి? హింసలో మంచి హింస, చెడ్డ హింస ఉంటాయా?” అంటారు. శాకాహార వ్రతం పట్టినవారు అడిగితే తల వంచి వింటాను. వారి మాటకు వారి జీవితమే ఆధారం. కాని ఆదివారం నాడు కోడిని కోయించుకొని తినేవారు ఈ ప్రశ్న అడిగినప్పుడు మాత్రం ఊరుకోలేను. ఉంటుంది అయ్యా, తేడా ఉంటుంది. చచ్చేదాని లెక్కలో చాలా ఉంటుంది. కొన్ని సెకన్లకూ ఒక రాత్రికీ తేడా ఉంది. కసాయి కత్తికి పదును పెట్టుకోవడాన్ని మనం తప్పు పట్టం. పెట్టుకోకపోవడాన్ని తప్పు పడతాం. వేటగాడి విషయంలో ఆ పదును అతడి కుడిచేతి వేళ్ళలో ఉండాలి. ఇక్కడి చట్టం వేటను అనుమతించింది. అనుమతి ఉన్నంత మాత్రాన అరకొర నేర్పుతో ఒక ప్రాణి మీద ప్రయోగాలు చేసే హక్కు ఎవరికీ రాలేదు.

కనుక ఈ సంవత్సరం విల్లు కొనబోయే మిత్రులకు నా విన్నపం. విల్లు మీద పెట్టే డబ్బులో కొంత మిగుల్చుకొని, చేతికి సరిపడే విడుపు ఒకటి కొనండి. దాని మీటను బిగించండి. ఇంట్లో ఒక త్రాటి ఉచ్చు, పెరటిలో ఒక గడ్డిమోపు పెట్టుకోండి. వేటకాలం వచ్చేసరికి లాగిన విల్లును దించడం మీకు వచ్చి ఉంటే అడవికి వెళ్ళండి. రాకపోతే ఇంకో సంవత్సరం ఆగండి. జింకలు ఎక్కడికీ పోవు.

‘విడుపు’ కంటె మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను. మీట అన్న మాటను మాత్రం ఒప్పుకోను.